డ్యాష్‌బోర్డులో ఫిల్టర్లు: గోదావరి డెల్టా లెక్కలతో పనిచేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల చెరువుల రికార్డులు, వరి దిగుబడులు, గోదావరి నీటిమట్టాలు. వీటిని టాబ్లో, పవర్ బీఐ, లుకర్ స్టూడియో, ఎక్సెల్‌లలో చార్టులుగా పెట్టుకుని చూసేవాళ్ల కోసం ఈ పేజీ. చార్టు గీయడం ఎవరికైనా రెండు పూటల్లో పట్టుబడుతుంది. లెక్క తప్పేది ఎక్కువగా ఫిల్టర్ దగ్గర. తప్పినా తెరమీద ఎర్ర గీత ఏమీ రాదు, అంకె మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ప్రతి జవాబులోనూ ఏ వరుసలు లెక్కలోకి వచ్చాయి, ఏవి జారిపోయాయి అన్నదే ముందు చూశాం. మెనూల పేర్లు తెరమీద ఎలా ఉంటాయో అలాగే తెలుగు లిపిలో ఇచ్చాం.

ఫిల్టర్ పెడితే వరుసలు దాగుతాయా, లెక్కలోంచే పోతాయా?

పనిముట్టును బట్టి ఉంటుంది. ఎక్సెల్ షీటులో ఫిల్టర్ వరుసలను దాస్తుంది, అంతే. కింద ‘సమ్’ ఫార్ములా ఉంటే దాగిన వరుసలు కూడా మొత్తంలో కలిసే వస్తాయి. భీమవరం చెరువులకు ఫిల్టర్ పెట్టినా మొత్తం మాత్రం జిల్లా అంతటిదీ కనిపించడానికి కారణం ఇదే. ‘సబ్‌టోటల్’ వాడి, మొదటి అంకెగా 9 గానీ 109 గానీ ఇవ్వండి. ఫిల్టర్ తీసేసిన వరుసలను రెండూ వదిలేస్తాయి. చేత్తో హైడ్ చేసిన వరుసలను కూడా వదలాలంటే 109 కావాలి.

టాబ్లో, పవర్ బీఐ, లుకర్ స్టూడియోలలో మాత్రం మామూలుగా ఫిల్టర్‌లో పోయిన వరుస లెక్కలోంచి కూడా పోతుంది. సగటు, శాతం, ర్యాంకు అన్నీ మిగిలిన వరుసల మీదే మళ్లీ కడతారు.

ఎక్సెల్‌లోనే ఇంకో చిక్కు ఉంది. పట్టిక మధ్యలో ఒక ఖాళీ వరుస ఉంటే, ఫిల్టర్ అక్కడితో ఆగిపోతుంది, కింది వరుసలు దాని పరిధిలోకి రావు. ముందుగా కంట్రోల్, టీ కలిపి నొక్కి డేటాను టేబుల్‌గా మార్చండి. మార్చేటప్పుడు పరిధి చివరి వరుస దాకా పడిందో లేదో చూడండి.

జిల్లా ఫిల్టర్‌లో పశ్చిమ గోదావరి పెడితే 2022 నుంచి అంకెలు ఒక్కసారిగా పడిపోతున్నాయి. పంట నిజంగా తగ్గిందా?

పంట సంగతి తర్వాత, ముందు జిల్లా హద్దు చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాత పశ్చిమ గోదావరిలోంచి ఏలూరు జిల్లా వేరైంది, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. కొవ్వూరు, నిడదవోలు రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరిలోకి వెళ్లాయి. పాత తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ విడిపోయాయి, రంపచోడవరం వైపు ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది. కృష్ణా జిల్లాలో ఉండే కైకలూరు ఏలూరుకు వచ్చింది. కాబట్టి ‘తూర్పు గోదావరి’ అన్న ఒకే మాట 2021లో ఒక నేలకు, 2023లో మరో నేలకు పేరు. ఫిల్టర్‌కు ఆ సంగతి తెలియదు, అక్షరాలు కలిశాయా లేదా అన్నదే దానికి కావాలి.

మండలాల పట్టిక ఒకటి విడిగా తయారు చేయండి. అందులో నాలుగు నిలువు వరుసలు చాలు: మండలం కోడ్, మండలం పేరు, పాత జిల్లా, కొత్త జిల్లా. కోడ్‌కు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ అంకె తీసుకుంటే, వేరే శాఖల డేటాతో కలపడం కూడా తేలికవుతుంది. దిగుబడి పట్టికలో కోడ్ మాత్రమే ఉంచి, జిల్లా పేరు ఈ పట్టిక నుంచి తెచ్చుకోండి. ఏళ్ల తరబడి పోల్చే చార్టుకు ఏదో ఒక్క జిల్లా వరుసతోనే ఫిల్టర్ పెట్టండి, అది పాత హద్దో కొత్త హద్దో చార్టు పైనే రాయండి. మాకైతే పాత ఏళ్లను కూడా కొత్త హద్దుల్లోకి మార్చి చూపడమే మేలనిపిస్తుంది. చూసేవాళ్లకు ఇప్పుడు తెలిసిన జిల్లా అదే.

‘2024’ అని సంవత్సరం ఫిల్టర్ పెడితే దాళ్వా (రబీ వరి) లెక్క సరిగ్గా రావడం లేదు.

దాళ్వా నాట్లు డిసెంబరు, జనవరి నెలల్లో పడి, కోత ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. నాటు తేదీ మీద ఫిల్టర్ పెడితే ఒకే పంట రెండు ఏళ్లలోకి చీలుతుంది. కోత తేదీ మీద పెడితే దాళ్వా ఒకచోట ఉంటుంది గానీ, అదే పంట సంవత్సరపు సార్వా (ఖరీఫ్ వరి) అంతకు ముందు ఏడాదిలో పడుతుంది. తేదీని నమ్ముకోకుండా ‘పంట సంవత్సరం’, ‘పంట కాలం’ అని రెండు నిలువు వరుసలు పెట్టండి. మొదటిదాన్ని ‘2023-24’ రూపంలో, రెండోదాన్ని సార్వా, దాళ్వా అని నింపి, వాటి మీదే ఫిల్టర్ పెట్టండి. ఒకే వరుసలో కొన్నిచోట్ల ఖరీఫ్ అని, కొన్నిచోట్ల సార్వా అని ఉంటే ముందు ఒకే మాటకు తేవాలి.

కొలతలు కూడా ఇక్కడే చూసుకోండి. మన రైతు దిగుబడి 75 కిలోల బస్తాల్లో చెబుతాడు, కాగితాల్లో క్వింటాళ్లు ఉంటాయి. ఎకరాకు 40 బస్తాలంటే 30 క్వింటాళ్లు. రెండూ ఒకే వరుసలో కలిసి ఉంటే ‘35 కంటే ఎక్కువ’ అన్న ఫిల్టర్ బస్తాల్లో రాసిన పొలాన్ని పట్టుకుని, అంతే పండి క్వింటాళ్లలో రాసిన పొలాన్ని వదిలేస్తుంది.

ఫిల్టర్ జాబితాలో ఒకే ఊరు, ఒకే వంగడం రెండు మూడు సార్లు కనిపిస్తోంది. ఎందుకు?

మన కంటికి ఒకటే, కంప్యూటరుకు వేర్వేరు. ‘పి.గన్నవరం’, ‘పి. గన్నవరం’, ‘పి గన్నవరం’ మూడూ మూడు విలువలే. స్వర్ణ వంగడాన్నే ఒకరు ‘స్వర్ణ’ అని, ఒకరు ‘ఎంటీయూ 7029’ అని, మరొకరు ‘ఎంటీయూ-7029’ అని రాస్తారు. ఒకదానికే టిక్ పెడితే మిగతావాటి ఎకరాలన్నీ పోతాయి.

తెలుగు లిపికే ఉన్న తంటా ఇంకోటి. ‘వైట్‌స్పాట్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం కిందకి దిగి వత్తు కాకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనపడని గుర్తు ఒకటి వేస్తాయి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మాట చివర పొల్లు ఉన్నచోట ఈ గుర్తు ఉన్నా లేకున్నా మాట ఒకేలా కనిపించవచ్చు, ఫిల్టర్ మాత్రం రెండుగా చూపిస్తుంది. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన పట్టికల్లో మామూలు ఖాళీకి బదులు నాన్ బ్రేకింగ్ స్పేస్ కూడా వస్తుంది, అంచుల్లోని ఖాళీలు తీసే ట్రిమ్‌తో అది పోదు. ఎక్సెల్‌లో దాని అక్షర సంఖ్య 160. పవర్ క్వెరీలో (ఎక్సెల్, పవర్ బీఐలలో డేటాను శుభ్రం చేసుకునే చోటు) ముందు రీప్లేస్ వాల్యూస్‌తో కనపడని గుర్తును తీసేసి, నాన్ బ్రేకింగ్ స్పేస్ స్థానంలో మామూలు ఖాళీ పెట్టి, ఆ తర్వాత ట్రిమ్ చేయండి. ‘లెన్’ ఫార్ములాతో అక్షరాల లెక్క చూస్తే దొంగ ఎక్కడున్నాడో తెలుస్తుంది: ఒకేలా కనిపించే రెండు మాటలకు వేర్వేరు అంకెలు వస్తాయి.

పేరులో కొంత భాగం టైప్ చేసి వెతికితే వేరే ఊళ్లు కూడా వస్తున్నాయి.

‘కంటెయిన్స్’ ఫిల్టర్ తీరే అంత. ‘పోలవరం’ అని కొడితే ప్రాజెక్టు కడుతున్న పోలవరంతో పాటు కోనసీమ ఐ.పోలవరం కూడా వస్తుంది. ‘గన్నవరం’ అంటే కోనసీమలోని పి.గన్నవరమూ, విజయవాడ దగ్గరి గన్నవరమూ వస్తాయి. వెతకడానికి కంటెయిన్స్ వాడండి. లెక్క నిలబడాల్సిన చోట జాబితా నుంచి ఎంచుకోండి, వీలైతే కోడ్ మీద.

చెరువులో డీఓ (నీటిలో కరిగిన ప్రాణవాయువు) 4 కంటే తగ్గినవి చూపమంటే సమస్య ఉన్న చెరువే జాబితాలో లేదు.

ఈ పేజీలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన జవాబు ఇది. ఇక్కడ లెక్క తప్పితే పంట పోతుంది.

ఒక చెరువులో తెల్లవారుజామున 4 గంటలకు డీఓ 3.2, మధ్యాహ్నం 7.8, సాయంత్రం 6.4 అనుకోండి. సగటు 5.8. మీ ఫిల్టర్ సగటు మీద ఉంటే ఈ చెరువు నిక్షేపంగా ఉన్నట్టే లెక్క. కానీ రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు, నీటిలోని ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు బురద అన్నీ ప్రాణవాయువును వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారే ముందు డీఓ అట్టడుగుకు చేరుతుంది. రొయ్యకు ముప్పు ఆ గంటల్లోనే, సగటులో కాదు.

మరి విడి రీడింగుల మీద ఫిల్టర్ పెడితే? చెరువు దొరుకుతుంది. కానీ అదే చార్టులో సగటు చూపిస్తే అది 3.2 అని వస్తుంది, ఎందుకంటే మంచి రీడింగులు అప్పటికే తీసేశారు. పక్కన కూర్చున్నవాళ్లు చెరువు రోజంతా 3.2లో ఉందనుకుంటారు.

సరైన దారి కనిష్ఠం మీద ఫిల్టర్. టాబ్లోలో డీఓను ఫిల్టర్స్ షెల్ఫ్‌లోకి లాగినప్పుడు ‘ఆల్ వాల్యూస్’, ‘సమ్’, ‘యావరేజ్’, ‘మినిమమ్’ లాంటివి అడుగుతుంది. ఆల్ వాల్యూస్ అంటే విడి వరుసలు, మినిమమ్ అంటే చార్టులో ఉన్న స్థాయికి కనిష్ఠం. చార్టులో చెరువు, తేదీ రెండూ ఉంటేనే అది ‘ఆ చెరువులో ఆ రోజు కనిష్ఠం’ అవుతుంది. తేదీ లేకపోతే పంట మొత్తంలో ఒక్కరోజు తగ్గిన చెరువు కూడా రోజూ జాబితాలోనే ఉంటుంది. పవర్ బీఐలో కనిష్ఠానికి ఒక మెజర్ (లెక్క సూత్రం) రాసి, దాన్ని ఆ విజువల్ ఫిల్టర్‌లో పెట్టండి. స్లైసర్‌లో (పేజీ మీద కనిపించే ఫిల్టర్ పెట్టెలో) మెజర్ పెట్టడం కుదరదు.

ఎఫ్‌సీఆర్‌కూ (కిలో పట్టుబడికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న అంకె) ఇలాంటి తిప్పలే. ఒక చెరువుకు 6,000 కిలోల మేత, 4,000 కిలోల పట్టుబడి అయితే 1.5. ఇంకో చెరువుకు 1,800 మేత, 1,000 పట్టుబడి అయితే 1.8. రెండు అంకెల సగటు 1.65 వస్తుంది గానీ, నిజానికి మొత్తం మేత 7,800ను మొత్తం పట్టుబడి 5,000తో భాగిస్తే 1.56. ఫిల్టర్‌తో చెరువులు మారేకొద్దీ ఈ తేడా కూడా మారుతుంది. వరుసలో ముందే కట్టి పెట్టిన ఎఫ్‌సీఆర్‌ను సగటు చేయకండి. మొత్తాలను భాగించే లెక్కగా రాయండి.

కౌంట్ 50 కంటే ఎక్కువ అని పెడితే చిన్న రొయ్యలు వస్తున్నాయి.

రావాలి కూడా. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది. పెద్ద సరుకు కావాలంటే ‘50 లేదా అంతకంటే తక్కువ’. స్లైడర్ చూసేవాళ్లు తడబడకుండా ‘30 లోపు’, ‘31–50’, ‘51–70’, ‘70 పైన’ అని గుంపులు కట్టి బటన్లుగా ఇస్తే మేలు.

తేదీ ఫిల్టర్‌లో ఆగస్టు పెడితే కొన్ని రోజులే వస్తున్నాయి, మిగతావి వేరే నెలల్లో ఉన్నాయి.

రోజు, నెల తారుమారయ్యాయి. 05/08/2023 మనకు ఆగస్టు 5. అమెరికా అమరిక ఉన్న కంప్యూటరుకు మే 8. 12వ తేదీ వరకూ ఇలా కిక్కురుమనకుండా తప్పు నెలలోకి పోతాయి. 13 నుంచి నెలగా చదవడానికి వీలు లేక మాటగానో ఎర్రర్‌గానో మిగిలిపోతాయి. పవర్ క్వెరీలో ఆ నిలువు వరుస మీద ఛేంజ్ టైప్, యూజింగ్ లొకేల్ ఎంచుకుని ఇంగ్లిష్ ఇండియా ఇవ్వండి. ఎక్సెల్‌లో డేటా, టెక్స్ట్ టు కాలమ్స్‌కు వెళ్లి మూడో మెట్టులో డేట్ దగ్గర డీఎంవై ఎంచుకోండి. రెండూ మాటగా ఉన్న తేదీలకే పనిచేస్తాయి. అప్పటికే తప్పుగా తేదీ అయిపోయినవాటిని మూల ఫైలు నుంచి మళ్లీ తెచ్చుకోవాల్సిందే.

తేదీతో పాటు గంట కూడా ఉన్న డేటాలో ఇంకో జారుడు ఉంది. ‘31 జులై వరకు’ అంటే కొన్నిచోట్ల 31వ తేదీ అర్ధరాత్రి సున్నా గంటల వరకు అని అర్థం. ఆ రోజు రీడింగులన్నీ పోతాయి. తేదీని గంట నుంచి విడదీసి ప్రత్యేక నిలువు వరుస చేయండి, లేదా ‘ఆగస్టు 1 కంటే ముందు’ అని పెట్టండి.

పొద్దున్నే 5 గంటలకు చూస్తే ‘ఈరోజు’ ఫిల్టర్ నిన్నటి రీడింగులే చూపుతోంది.

పవర్ బీఐలో రిలేటివ్ డేట్ ఫిల్టర్, స్లైసర్ రెండూ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంతో నడుస్తాయి. మనం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. అంటే ఉదయం ఐదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. చెరువు గట్టు మీద డీఓ చూసే వేళ సరిగ్గా అదే కాబట్టి ఈ తేడా మనకు బాగా తగులుతుంది. పవర్ క్వెరీలో యూటీసీ సమయానికి ఐదున్నర గంటలు కలిపి ఇవాళ్టి తేదీ కట్టండి. దాంతో ‘ఎన్ని రోజుల క్రితం’ అనే నిలువు వరుస చేసి, అది 0 అయిన వరుసలకు ఫిల్టర్ పెట్టండి. ఆ అంకె రిఫ్రెష్ అయినప్పుడే మారుతుంది. కాబట్టి రిఫ్రెష్ వేళ మన అర్ధరాత్రి తర్వాత, గట్టు మీదకు వెళ్లే ముందు ఉండాలి.

వరద హెచ్చరిక దాటిన రోజులకు ఒకే ఫిల్టర్ ఎలా పెట్టాలి?

నీటిమట్టం అంకె మీద పెట్టకండి. భద్రాచలం దగ్గర మొదటి, రెండో, మూడో హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ‘40 దాటినవి’ అంటే ధవళేశ్వరం ఎప్పటికీ రాదు. ‘12 దాటినవి’ అంటే భద్రాచలం హెచ్చరిక లేని రోజుల్లో కూడా వస్తుంది. ధవళేశ్వరం వరుసలు కొన్ని క్యూసెక్కుల్లో కూడా ఉంటాయి: అక్కడ మూడు హెచ్చరికలకు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. కేంద్రం, కొలత, మూడు హద్దులు ఉన్న చిన్న పట్టిక పెట్టి, ప్రతి రీడింగుకు 0 నుంచి 3 దాకా ‘హెచ్చరిక స్థాయి’ కట్టండి. ఫిల్టర్ దాని మీద పెట్టండి.

శ్రేణి స్లైడర్‌తో కూడా జాగ్రత్త. 0 నుంచి 60 అని పెట్టి సేవ్ చేసిన టాబ్లో ఫిల్టర్ అక్కడే నిలబడిపోతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నమోదైన 71.3 అడుగుల లాంటి మట్టం వస్తే చార్టులో అసలు కనబడదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన నది ఇది. పై హద్దు వదిలేసి ‘ఎట్ లీస్ట్’ రకం వాడండి. చేత్తో టిక్కులు పెట్టిన మండలాల జాబితాకూ ఇదే నియమం. తర్వాత చేరిన కొత్త పేరుకు టిక్ ఉండదు. అన్నీ కావాలనుకున్నప్పుడు ‘యూజ్ ఆల్’ ఎంచుకోండి.

24 గంటల్లో ఎంత పెరిగిందో చూపే చార్టులో మొదటి రోజు ఖాళీగా ఉంది.

ముందు రోజును మీ తేదీ ఫిల్టరే తీసేసింది, తీసివేయడానికి ఏమీ మిగల్లేదు. టాబ్లోలో టేబుల్ కాలిక్యులేషన్లు (చార్టులోకి వచ్చిన అంకెల మీద కట్టే లెక్కలు) డైమెన్షన్ ఫిల్టర్ల (జిల్లా, తేదీ లాంటి వాటి మీద పెట్టేవి) తర్వాత జరుగుతాయి. ‘లుకప్’తో తేదీని తిరిగి ఇచ్చే టేబుల్ కాలిక్యులేషన్ ఒకటి రాసి దాని మీద ఫిల్టర్ పెడితే, తేడా కట్టిన తర్వాతే వరుసలు దాగుతాయి. పవర్ బీఐలో విడి తేదీల పట్టిక ఉండి, మెజర్‌లో ‘డేట్‌యాడ్’ వాడితే ఫిల్టర్ బయటి రోజు కూడా అందుతుంది.

మొదటి 10 మండలాలు అడిగితే మూడే వస్తున్నాయి.

కారణం టాబ్లో ఫిల్టర్లను నడిపే వరుసక్రమం. ముందు ఎక్స్‌ట్రాక్ట్ ఫిల్టర్, తర్వాత డేటా సోర్స్ ఫిల్టర్, కాంటెక్స్ట్ ఫిల్టర్, ఆ తర్వాత టాప్ ఎన్ (‘మొదటి ఇన్ని’ అనేది), ఫిక్స్‌డ్ లెక్కలు (మామూలు ఫిల్టర్లతో మారనివి), అటుపైన మామూలు డైమెన్షన్ ఫిల్టర్లు, మెజర్ ఫిల్టర్లు, చిట్టచివర టేబుల్ కాలిక్యులేషన్ ఫిల్టర్లు. మీరు కోనసీమ జిల్లాకు పెట్టిన ఫిల్టర్ టాప్ ఎన్ కంటే తర్వాత పనిచేసింది. అందుకే మొత్తం డేటాలోని మొదటి 10 తీసి, అందులో కోనసీమవి ఎన్నో అన్నే చూపింది. జిల్లా ఫిల్టర్ మీద కుడి క్లిక్ చేసి ‘యాడ్ టు కాంటెక్స్ట్’ ఇవ్వండి. అది బూడిద రంగులోకి మారి టాప్ ఎన్ కంటే ముందుకు వస్తుంది.

ఒక మండలం ఎంచుకోగానే దాని వాటా 100 శాతం అవుతోంది. జిల్లాలో దాని వాటా కావాలి.

భాజకం కూడా ఫిల్టర్‌లోనే పడింది. టాబ్లోలో జిల్లా మొత్తాన్ని ‘ఫిక్స్‌డ్’ లెక్కగా రాయండి, మండలం ఫిల్టర్‌ను కాంటెక్స్ట్‌లో పెట్టకండి. పవర్ బీఐలో ‘కాలిక్యులేట్’ లోపల మండలం నిలువు వరుసకు మాత్రమే ‘ఆల్’ ఇవ్వండి. పట్టిక మొత్తానికి ఇస్తే జిల్లా ఎంపిక కూడా చెరిగిపోతుంది.

ఖాళీ గడులు ఫిల్టర్‌లో ఏమవుతాయి?

వాన పడలేదని రాసిన 0, రీడింగు తీయక వదిలేసిన ఖాళీ ఒకటి కావు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) మీద నడిచేచోట ‘0 కానివి’ అంటే ఖాళీలు కూడా పోతాయి. పవర్ బీఐ ఫార్ములాల భాష డాక్స్ (DAX)లో మామూలు సమాన గుర్తు ఖాళీనీ 0నూ ఒకటిగా చూస్తుంది. ‘ఇజ్‌బ్లాంక్’తో విడిగా తేల్చి ‘రీడింగు లేదు’ అని ఒక విలువ ఇచ్చేయండి. తుపాను రోజున గేజి దగ్గరకు ఎవరూ వెళ్లలేకపోతే ఆ రోజు వాన సున్నా అయిపోకూడదు.

ఒక స్లైసర్ నొక్కితే పేజీలో కొన్ని చార్టులే మారుతున్నాయి.

పవర్ బీఐలో ముందు అనుమానించాల్సింది స్లైసర్ ఏ పట్టిక నుంచి తీశారన్నది. పట్టుబడి పట్టిక, నీటి పరీక్షల పట్టిక రెండూ ‘చెరువులు’ అనే పట్టికకు ముడిపడి ఉంటే, స్లైసర్‌లో చెరువు పేరు ‘చెరువులు’ నుంచే రావాలి. పట్టుబడి పట్టికలోని పేరు పెడితే ఫిల్టర్ వెనక్కి ఎక్కి నీటి పరీక్షల్లోకి దిగదు. చాలామంది ముడిని రెండువైపులా తెరిచేస్తారు. అది పెద్ద డేటాలో అంకెలను అయోమయం చేస్తుంది, చేయకండి. పట్టిక సరిగ్గానే ఉంటే ఫార్మాట్, ఎడిట్ ఇంటరాక్షన్స్ చూడండి. వేరే పేజీలకైతే వ్యూ, సింక్ స్లైసర్స్.

టాబ్లోలో ఫిల్టర్ మెనూలో ‘అప్లై టు వర్క్‌షీట్స్’. ఎక్సెల్ పివట్లకు (సారాంశ పట్టికలకు) స్లైసర్ మీద కుడి క్లిక్, ‘రిపోర్ట్ కనెక్షన్స్’.

ఫోనులో చాలా నెమ్మదిగా తెరుచుకుంటోంది.

ఫిల్టర్లు తగ్గించండి. టాబ్లోలో తెరమీద పెట్టిన ప్రతి ఫిల్టర్ జాబితా నింపడానికి విడిగా ప్రశ్న వెళ్లవచ్చు. ‘ఓన్లీ రెలవెంట్ వాల్యూస్’ పెడితే ఒకటి మారినప్పుడల్లా మిగతావన్నీ మళ్లీ అడుగుతాయి. దాన్ని గ్రామం లాంటి ఒక్క ఫిల్టర్‌కే ఉంచండి. వేల చెరువుల నంబర్లను టిక్ జాబితాగా కాకుండా టైప్ చేసి వెతికే పెట్టెగా ఇవ్వండి. ‘షో అప్లై బటన్’ పెడితే నాలుగు టిక్కులకు నాలుగుసార్లు కాకుండా ఒక్కసారే లెక్క నడుస్తుంది. పవర్ బీఐలో కూడా అన్ని స్లైసర్లకూ కలిపి ఒకే అప్లై బటన్ ఉంది.

రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఫిల్టర్‌తో దాచి పంపవచ్చా?

పంపకూడదు. ఎక్సెల్ ఫిల్టర్ ఒక్క క్లిక్‌తో పోతుంది. పివట్ మాత్రమే ఉంచి మూల షీటు తీసేసినా, ఫైలు లోపల దాని క్యాష్ (దాచిన నకలు) ఉండిపోతుంది. మొత్తం అంకె మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వరుసలన్నీ బయటికొస్తాయి. పవర్ బీఐలో దాచిన ఫిల్టర్ కూడా రక్షణ కాదు. ఎవరి మండలం వాళ్లే చూడాలంటే రో లెవెల్ సెక్యూరిటీ పెట్టాలి. అది చూసే హక్కు మాత్రమే ఉన్నవాళ్లకు వర్తిస్తుంది, వర్క్‌స్పేస్‌లో మార్చే హక్కు ఉన్నవాళ్లకు అంతా కనిపిస్తుంది. చార్టుకు అక్కరలేని ఫోన్ నంబరు, ఆధార్ నిలువు వరుసలను డేటా తెచ్చుకునేటప్పుడే తీసేయండి.

ఒకే డ్యాష్‌బోర్డు, ఇద్దరికి రెండు అంకెలు. ఎవరిది సరైనది?

ఇద్దరిదీ కావచ్చు. పవర్ బీఐ సర్వీసు ఎవరు చివరిసారి ఏ ఫిల్టర్ పెట్టారో వాళ్లకు గుర్తుపెట్టుకుంటుంది. నిన్న ‘ఉండి’ అనే మండలం చూసినవాళ్లకు ఇవాళ కూడా ఆ మండలమే తెరుచుకుంటుంది. పైన రీసెట్ బటన్ నొక్కి ఇద్దరూ మళ్లీ చూడండి. తేడా ఇంకా ఉంటే రో లెవెల్ సెక్యూరిటీ, తర్వాత రిఫ్రెష్ సమయం చూడండి. లుకర్ స్టూడియోలో గూగుల్ షీట్స్ డేటా మామూలుగా 15 నిమిషాలకోసారి తాజా అవుతుంది, షీటులో ఇప్పుడే మార్చిన అంకె వెంటనే కనబడకపోవచ్చు.

చార్టు శీర్షికలోనే ఎంపికలు వచ్చేలా చేయండి: ‘పశ్చిమ గోదావరి (కొత్త హద్దులు), 2023-24 దాళ్వా, 412 వరుసల్లో 397’ అన్నట్టు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపినప్పుడు ఫిల్టర్ పట్టీ బొమ్మలోకి రాదు, శీర్షిక వస్తుంది.